తలుపుకి ఇటు అయిదువేలు, అటు పదివేలు

ఆర్వో నియెమి తాజా రొట్టె కొనగా నేనెప్పుడూ చూడలేదు. మా ఊరి బేకరీలో నిన్నటి రొట్టెలు సగం ధరకి బయట బల్ల మీద పెడతారు. అవి పెట్టే వేళకి సరిగ్గా వెళ్ళేవాడు. రొట్టె అయిపోయాక ఆ ప్లాస్టిక్ సంచి కూడా పారేసేవాడు కాదు, మంచు రోజుల్లో మేజోళ్ళ మీద తొడుక్కుని బూట్లు వేసుకునేవాడు, తడి లోపలికి దిగకుండా. జిల్లా రోడ్ల శాఖలో ముప్ఫై ఏళ్ళకి పైగా మంచు తోసే లారీ నడిపాడు. అమెరికా ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో చలికాలమంటే ఆరు నెలలు. ఇంటి చూరు దాకా పేరుకున్న మంచులోంచి మేం బయటికి రాగలిగామంటే అదంతా ఆయన చలవే.

"మా ఆయన శవపేటిక కూడా సెకండ్‌హ్యాండ్‌ది దొరుకుతుందేమోనని వాకబు చేస్తాడు," అనేది ఆయన భార్య హిల్మా, ఆయన వినేలాగే.

హిల్మాది బడి వంటింట్లో ఉద్యోగం. నేను అదే బడికి బస్సు నడిపేదాన్ని. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య కంచె లేదు, రెండిళ్ళ మధ్యా పేర్చిన కట్టెల వరస తప్ప. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు మొగుడు లేడు. శనివారం సాయంత్రం వాళ్ళ పెరట్లో ఆవిరిగది పొయ్యి రాజేస్తే ముందు వాళ్ళిద్దరూ, తర్వాత నేను స్నానం చెయ్యడం మాకు ఏళ్ళ తరబడి అలవాటు.

హిల్మాకి వణుకు జబ్బు మొదలైనప్పుడు ముందు కనిపెట్టింది నేనే. కాఫీ పోస్తుంటే కప్పు అంచుకి చెంచా తగిలి టకటకా కొట్టుకుంది. ఇద్దరం నవ్వాం. ఏడాది తిరిగేసరికి ఎవరూ నవ్వలేదు. కుడి చెయ్యి, ఆ తర్వాత కాలు, ఆ తర్వాత గొంతు. మాట గుసగుసలోకి దిగిపోయింది. బుర్ర మాత్రం పాదరసంలాగే ఉంది, అదే ఆమెకి శాపమైంది. నాలుగేళ్ళు ఆర్వో ఒక్కడే చూసుకున్నాడు. అన్నం పెట్టడం, జుట్టు దువ్వడం, శనివారం ఎత్తుకుని ఆవిరిగదిలోకి తీసుకెళ్ళడం, అన్నీ.

ఒక శనివారం ఆవిరిగది పొగగొట్టంలో పొగ ఆగిపోయి చాలాసేపయినా వాళ్ళు బయటికి రాలేదు. అనుమానమొచ్చి వెళ్ళి తలుపు తీశాను. ఇద్దరూ నేల మీద ఉన్నారు. మెట్టు మీద జారి పడ్డారు. ఆయన నడుం పట్టేసింది, ఆమెని లేపలేకపోయాడు. చల్లబడిపోయిన పొయ్యి రాళ్ళ పక్కన తన తువ్వాలు కూడా ఆమెకే కప్పి, ఆమె తల తన తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంతసేపయింది?" అన్నాను.

"వచ్చావుగా. ఇప్పుడెందుకు ఆ గొడవ," అన్నాడు.

ఆ తర్వాత డాక్టరు ఖండితంగా చెప్పింది, ఇంట్లో ఇక కుదరదని.

ఊళ్ళో రెండు చోట్లున్నాయి. కొండ మీద నర్సింగ్ హోమ్, మంచం పట్టినవాళ్ళు చివరిదాకా ఉండేది. సరస్సు ఒడ్డున అసిస్టెడ్ లివింగ్, అంటే మనకో గది, మూడుపూటలా భోజనం, మెడలో వేలాడే గంట నొక్కితే వచ్చే మనిషి. రెండూ చూసొచ్చాక వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం.

"కొండ మీదిది నెలకి తొమ్మిదివేల మూడొందల డాలర్లు. సరస్సు పక్కది నాలుగువేల రెండొందలు. కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి కూడా. ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు ఆర్వో.

"అయితే నేనూ నిన్నటి రొట్టెనే అన్నమాట," అంది హిల్మా.

"నీకు మంచిదని కాదుటే?"

"మంచిదే. ఊరికే అన్నాను. ఏడవకు."

నాకు మనసులో ఒకటి తొలుస్తోంది. మా అమ్మ విషయంలో కొంత చూశాను కాబట్టి చెప్పాను. "ఆర్వో, డబ్బయిపోయాక రాష్ట్రం ఇచ్చే సాయం కొండ మీదివాళ్ళు తీసుకుంటారు. ఇక్కడివాళ్ళు తీసుకోరు. ముందు ఒక లాయరుని అడుగు. మొగుడూ పెళ్ళాల సొమ్ములో కొంత కాపాడుకునే దారి ఉంటుందంటారు."

"లాయరు గంటకి మూడొందలు అడుగుతాడు. గంట మాట్లాడ్డానికి! నాకు లెక్కలు రావా?"

ఆయనకి లెక్కలు బాగానే వచ్చు. పింఛను, దాచుకున్నది, అన్నీ కలిపి నాలుగువేల రెండొందల చొప్పున పన్నెండేళ్ళు లాగొచ్చని తేల్చాడు. అయితే నాలుగువేల రెండొందలనేది గది ధర. గదిలో మనిషికి ఏమేం చెయ్యాలో దాని ధర వేరు.

మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెల నుంచి మాత్రలు వేళకి ఇచ్చినందుకు ఇంత, స్నానానికి ఇంత, బట్టలు తొడిగినందుకు ఇంత అని కలపడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేలోపే అయిదువేల ఎనిమిదొందలు. ఆ గంటని రోజుకి ఇన్నిసార్లకన్నా ఎక్కువ నొక్కితే పై అంతస్తు ధరలోకి వెళ్ళిపోతారు. అంతస్తంటే మెట్లెక్కేది కాదు, జబ్బు అంతస్తు. ఆ సంగతి హిల్మాతో ఎవరన్నారో తెలీదు, ఆర్వో అయితే చెప్పలేదు. ఆమెకి తెలిసింది. తెలిసిన రోజు నుంచి గంట నొక్కడం మానేసింది.

వెళ్ళినప్పుడల్లా ఆమె పెదాలు ఎండిపోయి ఉండేవి. నీళ్ళ గ్లాసు చేతికందని చోట ఉండేది.

"గంట కొట్టొచ్చుగా హిల్మా?"

"అంత దాహం లేదులే."

పొద్దుటిపూట ఒక్కతే లేచి బాత్రూముకి వెళ్ళబోయి తలుపు దగ్గర పడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆర్వో ఆమె మంచం పట్టుకుని నిలబడి అడిగాడు, "గంట మెడలోనే ఉంది కదే! ఎందుకు నొక్కలేదు?"

చాలాసేపు ఆమె పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఆయన వంగి నోటి దగ్గర చెవి పెట్టాడు. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆయన బయటికొచ్చి వరండాలో గోడకి మొహం పెట్టి నిలబడిపోయాడు.

తిరిగి వచ్చాక ఆమెని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. నెలకి ఏడువేలు దాటింది. ఇంకో ఏడాది గడిచేసరికి బ్యాంకులో దాదాపు ఏమీ మిగల్లేదు. అక్కడి మేనేజరు మంచి మనిషే, మెత్తగా మాట్లాడుతుంది. ఆర్వోని ఆఫీసులో కూర్చోబెట్టింది. నేనూ పక్కనే ఉన్నాను.

"నియెమి గారూ, ఇద్దరు ఎత్తాల్సిన మనిషిని ఉంచుకోడానికి మా లైసెన్సు ఒప్పుకోదండీ. ఇన్నాళ్ళూ మేమే చూసీ చూడనట్టు ఊరుకున్నాం. పైగా వచ్చే నెల మీరెలా కడతారో మాకు తెలియడం లేదు."

"కట్టాల్సిందంతా కట్టాను. ఒక్క నెల ఆపలేదు."

"అవునండీ. కాదన్లేదు."

"అయితే?"

"నెల రోజుల్లో వేరే చోటు చూసుకోవాలండీ."

కొండ మీది నర్సింగ్ హోమ్ అప్పటికే మూతపడింది. పనిచేసేవాళ్ళు దొరకలేదన్నారు. కిటికీలకి చెక్కలు కొట్టేశారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఫోన్లు చేశాం. రాష్ట్రం సాయం తీసుకుని మంచమిస్తామన్నది ఒక్కటే, అది మాకు దక్షిణాన, ఇంకో పెద్ద సరస్సు ఒడ్డున, కారులో మూడు గంటల దూరం. హిల్మాని అంబులెన్సులో తీసుకెళ్ళారు. ఆమె పింఛను మొత్తం అక్కడికే పోతుంది, మిగతాది రాష్ట్రం కడుతుంది.

ఆ వేసవిలోనే ఆర్వోకి కారు లైసెన్సు పోయింది. కంటి పరీక్షలో చూపు మధ్యలో మచ్చ తప్ప ఏమీ కనిపించడం లేదన్నాడు. తుఫానులో ముందు దారి కనిపించకపోయినా పక్క చెట్ల వరస చూసి లారీ నడిపిన మనిషి. కౌంటరులో అమ్మాయి కార్డు వెనక్కి తీసుకుంటుంటే, "ఫొటో బాగుంది, అదైనా ఇవ్వమ్మా," అన్నాడు.

ప్రతి ఆదివారం నేను తీసుకెళ్ళేదాన్ని. పొద్దున్న తొమ్మిదింటికి బయల్దేరితే పన్నెండుకి చేరేవాళ్ళం. ఆయన ఆమెకి అన్నం తినిపించేవాడు, గోళ్ళు కత్తిరించేవాడు. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. ఒక ఆదివారం లేచి టోపీ పెట్టుకుంటుంటే హిల్మా ఆయన చెయ్యి పట్టుకుంది.

"వారానికోసారి వస్తే చుట్టానివి," అంది. "మొగుడివి కాదు."

ఆమెకి అంత పెద్ద మాట పలకడానికి ఊపిరి కూడదీసుకోవాలి. వేళాకోళంగా అనాలనుకుందో ఏమో, జబ్బు వల్ల ముఖంలో ఏ కవళికా పలకదు. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

మరుసటి వారానికే ఇంటి ముందు అమ్మకపు బోర్డు పాతాడు.

హిల్మా ఉన్న నర్సింగ్ హోమ్ భవనంలోనే రెండో భాగముంది, అది అసిస్టెడ్ లివింగ్. రెండిటికీ మధ్య ఒక వరండా, చివర అంకెలు నొక్కితే తెరుచుకునే తలుపు. ఇటువైపు నెలకి నాలుగువేల తొమ్మిదొందలు. ఆయన ఇటు చేరి పగలంతా అటు ఉంటానన్నాడు.

నేను పోట్లాడాను. "ఇల్లమ్మేస్తే మళ్ళీ ఎక్కడికి వస్తావు పెద్దాయనా?"

"ఎక్కడికీ రాను."

"ఆమె ముందు పోతే?"

"నోరు ముయ్యి సిల్వీ," అన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "ఈ గోడలేమైనా నాతో మాట్లాడుతున్నాయా?" అన్నాడు.

దక్షిణాన పెద్ద పట్నం నుంచి వచ్చిన దంపతులు తొంభయ్యారు వేలకి కొన్నారు, వేసవిలో యాత్రికులకి అద్దెకివ్వడానికి. ఆర్వో తన చేత్తో కట్టిన ఇల్లు. ఆకులు రాలే రోజుల్లో రెండు పెట్టెలు, కాఫీ కెటిలు, ఒక కుర్చీ నా కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం వాళ్ళకి బాగా జరిగింది. పొద్దున్న కాఫీ తాగి తలుపు దాటి వెళ్ళేవాడు, సాయంత్రం ఆమె కళ్ళు మూతలు పడ్డాక తిరిగి వచ్చేవాడు. మూడుపూటలా ఆయనే తినిపించేవాడు. ఆమె ఒళ్ళు చేసింది. నేను ఫోన్ చేస్తే, "ఈవిడ నన్ను తిడుతోంది, తర్వాత చెయ్యి," అని సంబరంగా చెప్పేవాడు.

మార్చిలో కోవిడ్ వచ్చింది. తలుపు అంకెలు మార్చేశారు. ఇటువాళ్ళు అటు వెళ్ళకూడదు. రెండు వారాలే అన్నారు. తర్వాత ఇంకో నెల అన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు.

ఆర్వో బయట మంచులో చుట్టూ తిరిగి ఆమె కిటికీ దగ్గర నిలబడేవాడు. లోపల ఒక అమ్మాయి ఆమె చెవి దగ్గర ఫోన్ పెట్టేది. ఈయన మాటలు ఆమెకి వినిపించేవి. ఆమె గుసగుస ఫోన్లోకి ఎక్కేది కాదు. ఆయన మాట్లాడి మాట్లాడి ఊరుకునేవాడు, ఆమె పెదాలు కదలడం చూసేవాడు, అదీ ఆ కళ్ళతో. ఏప్రిల్లో ఆమె కుర్చీలో లేదు, మంచం మీదే ఉంది. మే నెలలో ముఖం చిక్కి ముక్కు ఒక్కటే కనిపించింది. పనివాళ్ళు తక్కువ, ఒక్కొక్కరికి తినిపించడానికి తీరిక లేదు. పళ్ళెం పెడతారు, కాసేపాగి తీసేస్తారు.

తలుపుకి ఇటు ఆయన, అటు ఆమె. మధ్య నాలుగు అంగుళాల చెక్క.

జూన్లో ఆయన ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ జరిగింది తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అటువైపు మంచం ఖాళీ ఉందా?"

"ఎవరికండీ?" అందట ఆఫీసులో ఉన్నావిడ.

"నాకే."

"మీకెందుకండీ? నడుస్తున్నారు, తింటున్నారు, స్నానం మీరే చేసుకుంటున్నారు. నర్సింగ్ హోములో ఉండాల్సిన మనిషి కాదు మీరు."

"డబ్బు కడితే?"

ఆవిడ ధరల కాగితం తీసిందట. "డాక్టరు సంతకం పెడితే, మొత్తం మీరే కట్టుకుంటే, తీసుకోవచ్చు. కానీ అటు పదివేల మూడొందలండీ నెలకి. ఇప్పుడిచ్చేదానికి రెట్టింపు పైన. అదే కూడు, ఇంకా చిన్న గది, అదీ ఇంకొకరితో కలిపి. పైగా జబ్బు వస్తే ముందు అటే వస్తుంది. ఎందుకండీ మీకు?"

ఆ రోజు సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"సిల్వీ, లెక్క చూశాను. ఇటే ఉంటే ఇల్లమ్మిన డబ్బు, నా పింఛను కలిపి దాదాపు మూడేళ్ళొస్తుంది. అటు వెళ్తే పది నెలలు."

"ఆ తర్వాత?"

"తర్వాత సంగతి నాకు తెలీదు."

"నీకు తెలీని లెక్క కూడా ఉందా పెద్దాయనా?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇటుంటే మూడేళ్ళు కూర్చుని తలుపు చూడాలి," అన్నాడు. "ఈ కళ్ళకి అది కూడా సరిగ్గా కనపడదు."

డాక్టరు సంతకం పెట్టాడు. కళ్ళు, నడుం, వయసు, ఏవో రాశాడు. అటువైపు చేర్చుకుని ముందు రెండు వారాలు ఒక గదిలో ఒంటరిగా పెట్టారు. ఆ తర్వాత హిల్మా గదిలో రెండో మంచానికి మార్చారు.

ఆయన్ని చూడగానే ఆమె సంతోషించలేదు. భయపడింది.

"ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదు."

"అబద్ధం. ఏమీ కాకపోతే ఇటెందుకు తెస్తారు?"

"నిన్ను చూద్దామని నేనే వచ్చానే."

ఆమె ఆలోచించింది. "ఎంత?"

"ఇంతకుముందు కట్టేదే."

"ముసలోడా," అంది హిల్మా, "నువ్వు అబద్ధమాడేటప్పుడు చెవి గోక్కుంటావు."

ఆ రోజు ఆమె గిన్నెడు పప్పు సూప్ తాగింది.

పదివేలు కట్టి అక్కడ చేరిన ఆర్వో మర్నాటి నుంచే ఆ వరండాలో పనిమనిషి అయ్యాడు. హిల్మాని పక్కకి తిప్పడం, తడి బట్టలు మార్చడం, తినిపించడం అన్నీ తనే చేసేవాడు. ఎదురుగదిలో ఎవరైనా పిలిచి పిలిచి అలిసిపోతే వెళ్ళి నీళ్ళిచ్చేవాడు. మీరు అలా చెయ్యకూడదని పైవాళ్ళు రెండుసార్లు మందలించారు. పనిచేసే అమ్మాయిలు మాత్రం ఆయన కనిపిస్తే ఊపిరి పీల్చుకునేవాళ్ళు. నన్ను లోపలికి రానివ్వరు. నెలకోసారి వెళ్ళి కిటికీ బయట నిలబడేదాన్ని. ఆయన హిల్మా చెయ్యి ఎత్తి నాకేసి ఊపేవాడు, ఆమె కళ్ళు తిప్పుకుని విసుక్కునేది. నవంబరు దాకా వాళ్ళకి అలా గడిచింది.

నవంబరులో జబ్బు అటువైపే వచ్చింది. పనిచేసే మనిషి ఎవరితోనో వచ్చి ఉంటుంది, ఎవరినీ అనడానికి లేదు. వారం తిరిగేసరికి వరండాలో సగం గదుల తలుపులకి ఎర్ర కాగితాలు అంటించారు. ఆర్వోకీ వచ్చింది. దగ్గు, నీరసం. కాఫీ వాసన తెలియడం లేదన్నాడు. హిల్మాకి ఊపిరి అందలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలా అని అడిగితే ఆమె వద్దని తల తిప్పింది. తీసుకెళ్తే ఆయన్ని వెంట రానివ్వరు.

ఆయన తన మంచాన్ని తోసి ఆమె మంచానికి ఆనించాడు. జ్వరంతో ఆ మంచం తొయ్యడానికి పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా పట్టిందట. ఆమె కుడి చెయ్యి పట్టుకుని పడుకున్నాడు. ఆ చెయ్యి పదేళ్ళుగా వణుకుతూనే ఉంది.

"ఎప్పుడు పోయిందో నా చూపుకి తెలియలేదు సిల్వీ," అన్నాడు తర్వాత. "చెయ్యి వణకడం ఆగింది. పిలిచాను. నర్సు వచ్చేదాకా వదల్లేదు."

ఆ వరండాలో ఆ నెల చాలామంది పోయారు. ఎక్కువమంది ఒంటరిగానే పోయారు.

మూడు రోజులు తిరక్కుండానే హిల్మా మంచంలోకి వేరే మనిషి వచ్చాడు, రంపపు మిల్లులో వినికిడి పోగొట్టుకున్న ముసలాయన. ఆర్వోకి జబ్బు తగ్గింది. తగ్గడం ఆయనకి నచ్చినట్టు లేదు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. ఇటువైపుకి మారమన్నాను, డబ్బు కొంతకాలం ఎక్కువ వస్తుందని. "సామాను సర్దే ఓపిక లేదు," అన్నాడు. చలికాలమంతా కదల్లేదు. నెలకి పదివేలూ అలా పోతూనే ఉన్నాయి. జీవితంలో ఒక్క డాలరు కూడా వృథా చెయ్యని మనిషి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఏప్రిల్లో డబ్బు అయిపోయింది. రాష్ట్రం సాయానికి అర్జీ పెడితే పరీక్ష చెయ్యడానికి ఒకావిడ వచ్చింది. వచ్చే ముందే నర్సు ఆయన చెవిలో చెప్పిందట, "ఏం అడిగినా చెయ్యలేనని చెప్పండి తాతగారూ. అప్పుడే ఉంచుకుంటారు."

"మీ అంతట మీరు స్నానం చేస్తారా?" అందట వచ్చినావిడ.

"చేస్తాను."

"బట్టలు?"

"కనపడ్డం లేదా, వేసుకునే ఉన్నాను."

"మంచం మీంచి లేవడం?"

"ఇద్దర్ని లేపేవాణ్ణమ్మా నేను."

అర్జీ తోసిపుచ్చారు. నర్సింగ్ హోములో ఉండాల్సినంత పాడైపోలేదని కారణం రాశారు. ఫోన్లో నర్సు చేత చదివించి నాకు వినిపించి, "పాడవడానికి ఇంకేం కావాలో అడగాల్సింది," అన్నాడు. నవ్వాడనుకున్నాను. నవ్వలేదు.

అదే ఊళ్ళో ముసలివాళ్ళకి తక్కువ అద్దెకిచ్చే భవనంలో ఒంటిగది దొరికింది. పింఛనులో మూడో వంతు అద్దె. రెండు పెట్టెలూ కుర్చీ నేనే చేరవేశాను.

మా వైపు చలికాలంలో పోయినవాళ్ళని వసంతం దాకా పాతిపెట్టలేం, నేల రాయిలా ఉంటుంది. శ్మశానం పక్కన రాతి గదిలో ఉంచి, మంచు కరిగాక పూడుస్తారు. నవంబరులోనే మా ఊరికి తెచ్చి ఉంచిన హిల్మా వంతు మే నెలాఖరులో వచ్చింది. ఆర్వోని తీసుకురావడానికి వెళ్ళాను. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. దారంతా ఒక్కటే మాట అడిగాడు, నేల మెత్తబడిందా అని. మెత్తబడిందన్నాను.

పాస్టరు, చర్చిలో పాడేవాళ్ళు ఇద్దరు, హిల్మాతో బడి వంటింట్లో పనిచేసిన ఇద్దరు ఆడవాళ్ళు, నేను. మూతులకి గుడ్డలు కట్టుకుని దూరదూరంగా నిలబడ్డాం. సరస్సు మీంచి గాలి కొడుతోంది. పేటిక దింపుతుంటే ఆయన తాడు పట్టుకుంటానన్నాడు. వద్దన్నారు. వినలేదు. నడుం వంచి పట్టుకున్నాడు, పాస్టరు వెనక నుంచి ఆయన్ని పట్టుకున్నాడు.

అంతా అయ్యాక మా ఇంటికి వచ్చాం. రావాలంటే వాళ్ళ ఇల్లు దాటాలి. కొత్తవాళ్ళు నీలం రంగు వేయించారు. పెరట్లో ఆవిరిగది లేదు, దాని చోట చెక్కల అరుగు కట్టి వేడినీళ్ళ తొట్టి పెట్టారు. ఎవరో కుర్రకారు అందులో కూర్చుని బీరు తాగుతున్నారు. ఆయనకి ఏ మాత్రం కనిపించిందో నేనడగలేదు.

మాంసం కూరిన పేస్టీలు వేడి చేసి పెట్టాను. సగం తిన్నాడు.

"నాకు వెనక గది ఖాళీగా ఉంది," అన్నాను. "ఈ వయసులో ముక్కూ మొహం తెలీని ఊళ్ళో నీకేం పని? ఇక్కడుండు. అద్దె ఇస్తానంటే తీసుకుంటాలే."

ఆయన పళ్ళెం పక్కకి జరిపాడు.

"వద్దు సిల్వీ."

"మొహమాటమా? నాతోనా?"

"నీ వెనక గది కిటికీ ఎటు తెరుచుకుంటుంది?"

అది వాళ్ళ పెరటి వైపు తెరుచుకుంటుంది.

చీకటి పడకముందే మళ్ళీ మూడు గంటలు నడిపి ఆయన్ని దింపి వచ్చాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని సందు చివరి దుకాణం దాకా వెళ్ళి వస్తాడట. నేను ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాను. నేను అడిగినదానికి జవాబు చెప్తాడు, తను ఏదీ అడగడు. మొన్న చేసినప్పుడు పొయ్యి మీద సూప్ ఉందన్నాడు. కనపడదు కదా, మాడిపోతుందని ఫోన్ పెట్టేశాడు.